జట్టు మారినా ఆట మారని బాటసారులు

2023 ఏప్రిల్ 22వ తేదీ రాత్రి ముంబయి వాంఖడే మైదానంలో పంజాబు జట్టు దాదాపు సగం ఓవర్లు గడిచేసరికి నాలుగు వికెట్లు కోల్పోయి ఇబ్బందిలో పడినది. ఆ రోజు సారథ్యం వహిస్తున్న ఇంగ్లండు ఆటగాడు శామ్ కరన్‌కు తోడుగా మరొక ఎడమచేతివాటం బ్యాట్స్‌మన్ వచ్చి నిలిచినాడు. ఇద్దరూ కలిసి 92 పరుగులు జోడించినారు. అందులో ఒక్క ఓవరులోనే 31 పరుగులు వచ్చినవి. కొత్తగా వచ్చిన ఆటగాడు 28 బంతులలో 41 పరుగులు చేసి వెనుదిరిగినాడు. చివరకు పంజాబు జట్టు 13 పరుగుల తేడాతో ముంబయిని ఓడించినది.

ఆఖరి ఓవరులో రెండుసార్లు స్టంపును రెండు ముక్కలు చేసిన అర్ష్‌దీప్ సింగ్ గురించే మరునాడు అందరూ చెప్పుకొన్నారు. అది సహజమే. కాని ఆ 41 పరుగుల వెనుక ఉన్న కథ తెలిసినవారు మాత్రం స్కోరుపట్టికలో ఆ వరుసను మరొకసారి చదువుకొన్నారు. ఎందుకనగా, ఆ ఆటగాడు అంతకుముందు ఐ.పి.ఎల్. పోటీలలో బరిలోకి దిగినది 2012 మే నెలలో. మళ్ళీ దిగినది 2023 ఏప్రిల్‌లో. నడుమ గడిచినవి దాదాపు పదకొండు సంవత్సరాలు!

అతని పేరు హర్‌ప్రీత్ సింగ్ భాటియా. 1991 ఆగస్టు 11న దుర్గ్ పట్టణంలో జన్మించినాడు. రాయ్‌పూర్ నుండి రైలులో పోతే దుర్గ్ గంట ప్రయాణం కూడా కాదు. ఇరవై యేండ్లు నిండకముందే భవిష్యత్తారగా ఎన్నబడిన ఈ యువకుడు భారత జాతీయ జట్టు టోపీని ధరించలేదు. అయినా ఆట మానలేదు. ఒక జట్టు నుండి మరొక జట్టుకు, ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తన బ్యాటును భుజాన వేసుకొని నడిచినాడు. ఇటువంటివారి జీవితం ఎట్లా సాగుతుంది? వారు దేని కోసం ఆడతారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి రాయ్‌పూర్ నగరం తగిన చోటు.

దినకూలి నేర్పరి

పూర్వం ఐరోపా ఖండంలో చేతిపనివాడు గురువు వద్ద శుశ్రూష ముగించిన తరువాత, సొంత దుకాణం పెట్టుకొనే స్తోమత వచ్చేవరకు ఊరూరా తిరిగి దినవేతనానికి పనిచేసేవాడు. పని నేర్చినవాడే, కాని యజమాని కాడు. ఈ మాటను అమెరికావారు తమ క్రీడలకు అన్వయించుకొన్నారు. ప్రతిభ గలవాడై, ఏ ఒక్క జట్టులోనూ స్థిరపడక, పిలిచినచోటికెల్లా పోయి ఆడే వృత్తి క్రీడాకారుని వారు ఈ పేరుతో పిలుస్తారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ రయన్ ఫిట్జ్‌పాట్రిక్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఇతనిని 2005 సంవత్సరపు ఎంపికలలో 250వ వానిగా, అనగా దాదాపు చిట్టచివరివానిగా తీసుకొన్నారు. అతడు 17 సీజన్లు ఆడినాడు. తొమ్మిది జట్ల చొక్కాలు తొడిగినాడు. ఆ తొమ్మిదింటిలోనూ, దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఆట ఆరంభించినాడు. అయినప్పటికీ సీజను చివర జరిగే ప్లేఆఫ్ పోటీలలో ఒక్కటైనా ఆడే యోగం అతనికి కలుగలేదు. జోష్ జాన్సన్ అనే మరొక క్వార్టర్‌బ్యాక్ ఒప్పందం చేసుకొన్న జట్ల సంఖ్య 14.

ఆ లీగులో 32 జట్లు ఉన్నవి. ప్రతి సంవత్సరం ఆగస్టు మాసాంతానికి ఒక్కొక్క జట్టు తన శిక్షణ శిబిరంలోని 90 మంది ఆటగాళ్ళను 53కు కుదించవలసి ఉంటుంది. అనగా కొద్దిరోజులలో వెయ్యిమందికి పైగా ఆటగాళ్ళు ఉద్యోగం కోల్పోతారు. వారిలో కొందరికి ఇంకొక జట్టు నుండి పిలుపు వస్తుంది. తక్కినవారు టెలిఫోను వైపు చూస్తూ కూర్చుంటారు.

మనకు ఇది బొత్తిగా తెలియని సంగతి కాదు. పద్యనాటకాలు వెలుగొందిన రోజులలో 'కంట్రాక్టు' నటులు ఉండేవారు. ఈ రాత్రి ఒక ఊరిలో శ్రీకృష్ణుడు, రేపు రాత్రి మరొక ఊరిలో, మరొక బృందంతో, మళ్ళీ శ్రీకృష్ణుడే. ఎదుట నిలిచే అర్జునుడు ఎవరో రంగస్థలం ఎక్కేవరకు తెలియకపోవచ్చు. అయినా రాగం తప్పరాదు, పద్యం మరువరాదు. క్రికెట్ మైదానంలోని బాటసారి ఆటగాని ధర్మం కూడా అటువంటిదే.

మైదానం ముందు, జట్టు తరువాత

విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా పోయే రైలుమార్గం రాయ్‌పూర్‌ను కోస్తాంధ్రతో కలుపుతున్నది. రైల్వే ఉద్యోగాల కోసం, భిలాయి ఉక్కు కర్మాగారంలో పని కోసం, వ్యాపారం కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ మార్గాన పోయి అక్కడ స్థిరపడినవి. పొరుగు రాష్ట్రమే అయినా, ఆ ప్రాంతపు క్రికెట్ చరిత్ర మన వారిలో చాలమందికి తెలియదు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడినది. అప్పటికీ, ఆ తరువాత మరి పదిహేను సంవత్సరాలకు పైగా, రాయ్‌పూర్, దుర్గ్, భిలాయి, బిలాస్‌పూర్ పిల్లలు రంజీ ట్రోఫీ ఆడవలెననిన మధ్యప్రదేశ్ జట్టులో చోటు సంపాదించుకోవలసి వచ్చేది. భిలాయి నివాసియైన ఆఫ్‌స్పిన్నర్ రాజేశ్ చౌహాన్ అట్లా పైకి వచ్చినవాడే. 1993 నుండి 1998 వరకు అతడు ఆడిన 21 టెస్టులలో ఒక్కదానిలోనైనా భారత జట్టు ఓడిపోలేదు. అది అరుదైన ఘనత.

రాయ్‌పూర్ విషయంలో ఒక వింత ఉన్నది. నవ రాయ్‌పూర్ ప్రాంతంలో దేశంలోని పెద్ద క్రికెట్ మైదానాలలో ఒకటి 2008లోనే సిద్ధమైనది. 1857 డిసెంబరు 10న ఆంగ్లేయులు ఉరితీసిన సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్ పేరు దానికి పెట్టినారు. కరవు రోజులలో వ్యాపారి గాదెలోని ధాన్యాన్ని పేదలకు పంచిపెట్టిన వీరుడాయన. 2013లో ఢిల్లీ ఐ.పి.ఎల్. జట్టు తన సొంత ఆటలు కొన్ని ఇక్కడ ఆడినది. కాని ఇంత మైదానం ఉన్న రాష్ట్రానికి తనదైన రంజీ జట్టు మాత్రం లేదు. క్రికెట్ బోర్డులో పూర్తి సభ్యత్వం 2016లో లభించిన తరువాతనే ఛత్తీస్‌గఢ్ రంజీ బరిలోకి దిగినది.

కొత్త జట్టుకు అనుభవం ఎక్కడినుండి వస్తుంది? అద్దెకు తెచ్చుకొనవలసినదే. వారు పిలిచినది మహమ్మద్ కైఫ్‌ను.

కైఫ్ పేరు తెలియని క్రికెట్ అభిమాని ఉండడు. 2002 జూలై 13న లార్డ్స్ మైదానంలో, 326 పరుగుల లక్ష్యంతో ఆడుతూ 146 పరుగులకే 5 వికెట్లు పోయిన దశ నుండి, యువరాజ్ సింగ్‌తో కలిసి భారత్‌ను గెలుపుబాట పట్టించినవాడు. ఆ రోజు అతడు చేసినవి 87 పరుగులు, అవుట్ కాకుండా. 13 టెస్టులు, 125 ఒకరోజు అంతర్జాతీయ పోటీలు ఆడినాడు. 2005–06లో ఉత్తరప్రదేశ్‌కు మొట్టమొదటి రంజీ ట్రోఫీని అందించిన సారథి కూడా అతడే. 26 యేండ్లకే జాతీయ జట్టు తలుపులు అతనికి మూసుకొనిపోయినవి. తరువాత మరి పది సంవత్సరాలకు పైగా దేశీయ క్రికెట్ ఆడినాడు. 2014లో ఉత్తరప్రదేశ్‌ను వదలి ఆంధ్ర జట్టుకు సారథిగా వచ్చినాడు. ఇక్కడి నుండి 2016లో ఛత్తీస్‌గఢ్‌కు పోయినాడు.

2016 అక్టోబరులో రాంచీలో ఛత్తీస్‌గఢ్ తన తొలి రంజీ ఆట ఆడినది. ప్రత్యర్థి త్రిపుర. కొత్త జట్టు 9 వికెట్ల తేడాతో గెలిచినది! అయితే రాయ్‌పూర్ ప్రజలకు ఆ ముచ్చట కన్నులారా చూసే భాగ్యం లేకపోయినది. ఆ యేడు రంజీ పోటీలన్నీ తటస్థ వేదికల మీదనే జరిపించినారు. సొంత మైదానం ఉండీ, సొంత జట్టు వచ్చీ, మొదటి సీజనంతా ఆ రెండూ కలియనే లేదు.

కైఫ్ 2018 జూలై 13న, లార్డ్స్ విజయానికి సరిగ్గా పదహారేండ్లు నిండిన రోజున, ఆటకు స్వస్తి చెప్పినాడు. లోకం జ్ఞాపకం పెట్టుకొన్నది లార్డ్స్‌నే. రాయ్‌పూర్, విశాఖ కుర్రవాళ్ళు మాత్రం మరొకటి జ్ఞాపకం పెట్టుకొనవలసి ఉన్నది. ఫీల్డింగులో దేశానికే వన్నె తెచ్చిన మనిషి తమతో కలిసి పొద్దుటిపూట క్యాచ్‌లు పట్టినాడు.

ముగ్గురికి మాత్రమే చోటు

ఇట్లా పరరాష్ట్రం నుండి వచ్చి ఆడేవారిని మన దేశీయ క్రికెట్‌లో 'ప్రొఫెషనల్' ఆటగాళ్ళని పిలుస్తారు. ఒక్కొక్క రాష్ట్ర జట్టు అటువంటివారిని ముగ్గురికి మించి తీసుకొనరాదని నియమం. పోదలచినవాడు ముందుగా తన సొంత క్రికెట్ సంఘం నుండి నిరభ్యంతర పత్రం పొందవలెను. కొత్త సంఘంతో ఒప్పందం సాధారణంగా సీజనుకొకసారి కుదురుతుంది. పరుగులు వస్తే మరుసటి యేడు మళ్ళీ కబురు వస్తుంది, రాకపోతే రాదు.

ప్రతిఫలం మాటేమిటి? 2021లో బోర్డు ప్రకటించిన మేరకు, నలభైకి మించి ఆటలు ఆడిన అనుభవజ్ఞునికి రంజీలో రోజుకు 60,000 రూపాయలు లభిస్తాయి. నాలుగురోజుల ఆటకు 2,40,000. లీగు దశలో ఏడు ఆటలకు 16,80,000. తుదిజట్టులో లేక బయట కూర్చున్నవారికి అందులో సగం. దీనికి తోడు ప్రొఫెషనల్ ఆటగానికి సంఘం విడిగా ఒప్పుకొన్న సొమ్ము ఉంటుంది. పూర్వపు రోజులతో పోల్చితే ఇది మంచి సంపాదనయే. కాని ఈ లెక్కకు రెండవ వైపు ఉన్నది. మోకాలు పట్టివేసినా, వ్రేలు విరిగినా ఆట లేదు. ఆట లేకపోతే రోజుభత్యం లేదు. ముప్పదియైదు దాటిన తరువాత ఏ వృత్తిలో ప్రవేశించవలెనో చెప్పేవారు ఉండరు. తోటివారు బ్యాంకులలో, రైల్వేలో పదోన్నతులు పొందుతున్న వయస్సులో ఇతడు మళ్ళీ మొదటి మెట్టు వద్ద నిలబడతాడు.

పరాయి జట్టులో ఆడటం మరొక విధంగా కూడా కఠినమైనది. అతడు వచ్చినందువల్ల ఒక స్థానిక యువకుని చోటు పోయినది. ఆ సంగతి డ్రెస్సింగ్ గదిలోని ప్రతి ఒక్కరికీ తెలుసు, అతనికీ తెలుసు. స్థానికుడు రెండు ఆటలలో విఫలమైనా ఓపిక పడతారు. కూలి ఇచ్చి తెచ్చినవానిని అంతసేపు సహించరు. కనుక పరుగులు చేయటం ఒక్కటే చాలదు. పిల్లలకు చెప్పవలసినది చెప్పవలెను, చెప్పరానిచోట మౌనంగా ఉండవలెను. తన చోటును రేపు ఆక్రమించబోయే కుర్రవానికి తానే మెలకువలు నేర్పవలెను. ఇంత చేసినవాడు మాత్రమే మంచి ప్రొఫెషనల్ అనిపించుకొంటాడు.

అట్లా అనిపించుకొన్నవారిలో వసీం జాఫర్ అగ్రగణ్యుడు. ముంబయిని విడిచి 2015లో విదర్భ జట్టులో చేరినాడు. అంతవరకు రంజీ ట్రోఫీ ముఖం చూడని విదర్భ 2017–18లోనూ, 2018–19లోనూ వరుసగా విజేత అయినది. రెండవ సారి ట్రోఫీ గెలిచిన సీజనులో అతని వయస్సు నలభై దాటినది. ఆ సీజనులో చేసిన పరుగులు 1,037.

మన తెలుగునాట హనుమ విహారి కథ ఇటువంటిదే. కాకినాడలో పుట్టి, హైదరాబాదు జట్టులో పెరిగి, ఆంధ్రకు వచ్చి, మళ్ళీ హైదరాబాదుకు పోయి, తిరిగి ఆంధ్రకు చేరి, 2025లో త్రిపురకు తరలినాడు. భారత్ తరపున 16 టెస్టులు ఆడిన మనిషి. 2021 జనవరిలో సిడ్నీలో తొడకండరం పట్టివేసినా 161 బంతులు ఎదుర్కొని జట్టును ఓటమి నుండి తప్పించినాడు. 2023లో ఇందూరులో మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్‌లో మణికట్టు ఎముక విరిగినది. అయినా కుడిచేతివాటం బ్యాట్స్‌మన్ ఎడమవైపుకు తిరిగి నిలబడి, ఒంటి చేత్తో బ్యాటు పట్టినాడు. ఆ పూట చూచినవారెవరూ అతని చొక్కా మీద ఏ రాష్ట్రం పేరు ఉన్నదని అడిగి ఉండరు.

పేరు చేసిన చేటు

ఇక దుర్గ్ కుర్రవాని కథకు వద్దాము. హర్‌ప్రీత్ 2010లో న్యూజీలండులో జరిగిన 19 యేండ్లలోపువారి ప్రపంచకప్పుకు భారత జట్టు సభ్యునిగా వెళ్ళినాడు. అదే సంవత్సరం కలకత్తా ఐ.పి.ఎల్. జట్టులో చోటు దొరికినది. తరువాత పుణే జట్టు. ఆడినవి వేళ్ళమీద లెక్కించదగిన ఆటలు మాత్రమే. 2012తో ఆ తలుపు మూసుకొన్నది. అతడు తిరిగి మధ్యప్రదేశ్ జట్టులో తన పని తాను చేసుకొన్నాడు.

2017 ఫిబ్రవరిలో అదృష్టం మళ్ళీ తలుపు తట్టినట్లు కనిపించినది. సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ అంతర్‌మండల పోటీలలో సెంట్రల్ జోన్ తరపున నాలుగు ఆటలలో 211 పరుగులు చేసి, అందరికంటె ఎక్కువ పరుగులు చేసినవానిగా నిలిచినాడు. ఆ పోటీలు ముగిసిన కొద్దిరోజులకే, ఫిబ్రవరి 20న, ఐ.పి.ఎల్. వేలం. ఇంతకంటె అనుకూలమైన సమయం ఏ ఆటగానికి దొరుకుతుంది?

సరిగ్గా ఆ ఉదయమే ముంబయిలో ఒక క్రికెటర్ తన కారును రైల్వేస్టేషను ప్లాట్‌ఫారం మీదికి తోలి పోలీసులకు చిక్కినాడు. అతని పేరుకు బదులు, పేరులోని పోలిక వలన, హర్‌ప్రీత్ పేరు వార్తలలోకి ఎక్కినది. గంటలలో దేశమంతటా ప్రాకినది. ఏ పాపమూ ఎరుగని హర్‌ప్రీత్ తాను కానని చెప్పుకొనవలసి వచ్చినది. పొరపాటును సవరించినారు, క్షమాపణలు కూడా వచ్చినవి. ఈలోగా వేలం ముగిసినది. అతనిని ఎవరూ కొనలేదు.

ఆ వార్త వలననే కొనలేదని నిరూపించటం ఎవరి తరమూ కాదు. వేలంలో అమ్ముడుపోని మంచి ఆటగాళ్ళు ప్రతి సంవత్సరం ఉంటారు. కాని ఏడేండ్లు కష్టపడి కూడబెట్టుకొన్న మంచిపేరు కీలకమైన ఒక్క పూటలో, తన ప్రమేయం లేకుండా మసిబారటం ఎంతటి క్షోభ! ఆ తరువాత గాయపడిన ఆటగానికి బదులుగా బెంగుళూరు జట్టు అతనిని పిలిచినది గాని, ఒక్క ఆటకైనా బరిలోకి దించలేదు.

అతడు ఏమి చేసినాడు? సొంత గడ్డకు తిరిగి వచ్చినాడు. మధ్యప్రదేశ్‌ను వదలి ఛత్తీస్‌గఢ్ జట్టులో చేరి, దానికి సారథి అయినాడు. ఇక్కడ విధి మరొక చమత్కారం చేసినది. అతడు విడిచివచ్చిన మధ్యప్రదేశ్ జట్టు 2022 జూన్‌లో ముంబయిని ఓడించి చరిత్రలో తొలిసారి రంజీ ట్రోఫీ గెలుచుకొన్నది. ఏండ్ల తరబడి తాను నీరు పోసిన చెట్టు, తాను వెళ్ళిన తరువాత కాయ కాచినది. బాటసారి ఆటగాని జీవితంలో ఇటువంటి లెక్కలు చాల ఉంటాయి.

అదే సంవత్సరం డిసెంబరులో పంజాబు జట్టు అతనిని 40 లక్షలకు తీసుకొన్నది. తరువాతి కథ వాంఖడే మైదానంలో మనము చూచినదే.

పేరు తెచ్చిన మేలు

ఛత్తీస్‌గఢ్ జట్టులోనే హర్‌ప్రీత్‌కు ఒక సహచరుడు ఉన్నాడు. పేరు శశాంక్ సింగ్. ఇతడు కూడా 1991లోనే, దుర్గ్ పక్కనే ఉన్న భిలాయిలో జన్మించినాడు. ముంబయి, పుదుచ్చేరి, ఛత్తీస్‌గఢ్ — మూడు జట్ల తరపున దేశీయ క్రికెట్ ఆడినాడు. ఐ.పి.ఎల్.లో ఢిల్లీ, రాజస్థాన్ జట్లలో ఉన్నాడు గాని ఆడే అవకాశం రాలేదు. 2022లో హైదరాబాదు జట్టు తరపున ఒకనాడు 6 బంతులలో 25 పరుగులు చేసి మెరిసినాడు. అయినా మరుసటి సంవత్సరం అతనిని ఉంచుకొనలేదు.

2023 డిసెంబరు 19న దుబాయిలో వేలం జరిగినది. పంజాబు యాజమాన్యం శశాంక్‌ను 20 లక్షలకు పాడుకొన్నది. సుత్తి పడిన మరుక్షణం వారి బల్ల వద్ద కలవరం పుట్టినది. తాము కోరిన శశాంక్ ఇతడు కాడేమో! వెనుకకు తీసుకొనవచ్చునా అని అడిగినారు. సుత్తి పడినది కనుక వీలుకాదని వేలం నిర్వాహకురాలు చెప్పినది. ఒకే పేరు గలవారు పట్టికలో ఇద్దరు ఉండుట వలన గందరగోళం కలిగినదని, ఇతడు కూడా తాము కోరుకొన్నవాడేనని యాజమాన్యం తరువాత వివరించినది. ఏమైతేనేమి, దేశం చూస్తుండగా ఒక మనిషి తాను అక్కరలేనివాడినేమో అని తలవంచుకొనవలసిన సన్నివేశం ఏర్పడినది.

శశాంక్ నవ్వి ఊరుకొన్నాడు. 2024 ఏప్రిల్ 4న అహమ్మదాబాదులో, 200 పరుగుల లక్ష్యాన్ని ఛేదించే వేళ 29 బంతులలో 61 పరుగులు చేసి, అవుట్ కాకుండా నిలిచి గెలిపించినాడు. అదే నెలలో కలకత్తాలో పంజాబు 262 పరుగుల లక్ష్యాన్ని అందుకొని ఇరవై ఓవర్ల క్రికెట్‌లో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు, జానీ బేర్‌స్టో శతకానికి తోడుగా 28 బంతులలో 68 పరుగులు చేసినాడు. ఆ సంవత్సరాంతాన పంజాబు యాజమాన్యం తాను అట్టిపెట్టుకొన్న ఇద్దరే ఇద్దరు ఆటగాళ్ళలో శశాంక్ ఒకడు. వెల 5.5 కోట్లు. 2025 జూన్ 3న జరిగిన ఫైనల్‌లో అతడు 30 బంతులలో 61 పరుగులు చేసినా పంజాబు 6 పరుగుల తేడాతో బెంగుళూరు చేతిలో ఓడిపోయినది.

ఒకే రాష్ట్రం, ఒకే వయస్సు, ఒకే జట్టు. ఒకనికి పేరు పొరపాటు చేటు తెచ్చినది. ఒకనికి మేలు తెచ్చినది. దీనినిబట్టి అంతా అదృష్టమేనని తీర్మానించవచ్చునా? కూడదు. పొరపాటున దొరికిన అవకాశాన్ని 29 బంతులలో 61 పరుగులుగా మార్చినది అదృష్టం కాదు. పదకొండేండ్ల తరువాత పిలుపు వచ్చిన నాడు చేతులు వణకకుండా నిలిపినదీ అదృష్టం కాదు. అదృష్టం తలుపు తెరుస్తుంది, లేదా మూస్తుంది. తెరిచిన నాడు సిద్ధంగా ఉండటం మనిషి పని. ఆ సిద్ధపాటు ఎవరూ చూడని ఉదయాలలో, ఖాళీ గ్యాలరీల ముందు జరిగే సాధన వలన మాత్రమే వస్తుంది.

ప్యాడ్లు కట్టుకొని కూర్చున్న బాలుడు

ఎదురుచూపు గురించి మాట్లాడవలసి వస్తే అమోల్ మజుందార్‌ను తలవక తప్పదు. 1988లో ముంబయి పాఠశాల పోటీలో సచిన్ తెండూల్కర్, వినోద్ కాంబ్లీ విడిపోకుండా 664 పరుగులు జోడించినప్పుడు, తరువాత బ్యాటింగుకు పోవలసిన బాలుడు అతడే. ప్యాడ్లు కట్టుకొని కూర్చున్నాడు, పిలుపు రాలేదు.

1994లో హర్యానాపై తన తొలి రంజీ ఆటలోనే 260 పరుగులు చేసినాడు. ఫస్ట్‌క్లాసు క్రికెట్‌లో అరంగేట్రంలో అంతకుముందెవరూ ప్రపంచంలో అన్ని పరుగులు చేయలేదు. ఆ రికార్డు 2018 వరకు నిలిచినది. 2006–07లో సారథిగా ముంబయికి రంజీ ట్రోఫీ సాధించిపెట్టినాడు. 171 ఫస్ట్‌క్లాసు ఆటలలో 30 శతకాలతో 11,167 పరుగులు చేసినాడు. అయినా భారత జట్టులో ఒక్కసారి కూడా చోటు దొరకలేదు. అతని కాలంలో మధ్య వరుసలో ద్రావిడ్, తెండూల్కర్, గంగూలీ, లక్ష్మణ్ పాతుకొనిపోయి ఉన్నారు. మజుందార్ 2009లో ముంబయిని వదలి అస్సాముకు, అక్కడినుండి ఆంధ్రకు వచ్చి ఆడి, 2014లో విరమించినాడు.

2023 అక్టోబరులో అతనికి భారత మహిళల జట్టు శిక్షకునిగా బాధ్యత అప్పగించినారు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో ఆ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ప్రపంచకప్పు గెలుచుకొన్నది. దేశం తరపున ఒక్క బంతి ఆడని మనిషి దేశానికి ప్రపంచకప్పు గెలిచే జట్టును తీర్చినాడు. రెండు దశాబ్దాలు ఎన్నో జట్లలో, ఎందరో కుర్రవాళ్ళ పక్కన కూర్చొని నేర్చిన ఓర్పు వృథా పోలేదు.

అందరికీ ఇటువంటి ముగింపు రాదు. ఆ మాట పాఠకులకు దాచటం న్యాయం కాదు. రంజీ ట్రోఫీలో నేడు 38 జట్లు ఉన్నవి. ఒక్కొక్క జట్టుకు పదకొండుగురు చొప్పున లెక్కించినా 418 మంది. వారందరి కల ఒక్కటే. ఆ కల నెరవేరే చోట్లు పదకొండు. తక్కిన 407 మందిని విఫలురని కొట్టివేసినట్లయితే క్రికెట్ అనేదే ఉండదు. వారు బంతులు వేయబట్టే గొప్ప బ్యాట్స్‌మెన్ తయారైనారు. వారు నిలిచి ఆడబట్టే గొప్ప బౌలర్లు పదునెక్కినారు. కొత్త రాష్ట్రాలకు క్రికెట్ విద్యను మోసుకొనిపోయినవారు కూడా వారే.

2023 జనవరి 21న రాయ్‌పూర్ మైదానంలో తొలి అంతర్జాతీయ పోటీ జరిగినది. భారత బౌలర్లు న్యూజీలండును 108 పరుగులకే కుప్పకూల్చినారు. జనం కిక్కిరిసినారు; హర్షధ్వానాలు మిన్నుముట్టినవి. అటువంటి రోజులు ఏండ్లకొకసారి వస్తాయి. తక్కిన శీతకాలపు ఉదయాలలో రంజీ ఆటగాళ్ళు బరిలోకి దిగుతారు. వారిలో పరాయి ఊరి నుండి వచ్చినవాడు ఒకడు ఉంటాడు. అతనిని చూడటానికి టిక్కెట్టు కోసం తొక్కిసలాట ఉండదు. వీలు చిక్కినప్పుడు మన పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఒక పూట ఆ ఆట చూపించవలెను. చప్పట్లు లేనిచోట కూడా నేరుగా బ్యాటు ఆడేవాడు ఎట్లా ఉంటాడో వారు అక్కడ నేర్చుకొంటారు.